మూడువేల పదిహేడో నంబరు

రెండువేల ఆరు, ఎండాకాలం మధ్యాహ్నం. ఊర్లకు ఇంటర్నెట్ లైన్లిచ్చే అనంతపురం ఆఫీసు నుంచి ఇంజనీరు ఇంద్రాణి ఫోన్ చేసింది. లైన్‌మ్యాన్ ఓబులేష్ నల్లమాడ అవతల, జనం ఖాళీ చేసిన ఊర్లో నిలబడి ఉన్నాడు.

“అన్నా, ఒక్కో లైనుకు ఒక్కో వీలాన్ నంబరు గదా. మొత్తం ఉండేది నాలుగువేల తొంభై నాలుగే, అన్నీ అయిపోయినాయి. ఆ ఊరి మూడువేల పదిహేడును తనకల్లు ఆసుపత్రికి ఇద్దామంటే, దాంట్లో ఇంకా ఎవరో మాట్లాడతాండారు.”

“ఈడ ఎవరుండారు మేడం? నీళ్లు లేక మూడేండ్ల కిందటే అందరూ వలస పోయినారు.”

“స్కూలు గదిలో మన ఇంటర్నెట్ లైన్ల స్విచ్చి పెట్టె చూడు.”

“చూస్తాండా. కరెంటు వైరు ఎలుకలు కొరికేసినాయి.”

“నా తెర మీద ఆ లైన్లో వచ్చిపోయే డేటా లెక్క పెరుగుతానే ఉండాదన్నా.”

“పెట్టెను పీకి చేత పట్టుకున్నా. ఇప్పుడో?”

ఇంద్రాణి తెరకు దగ్గరగా వంగింది. “ఇంకా జోరుగా పెరుగుతాంది.”

“మేడం... ఇది మనిషి ఒళ్లు మాదిరి వెచ్చగా ఉండాది.”

“యాడుండేదాన్ని ఆడే పెట్టి వచ్చేయన్నా.”

“మరి ఆసుపత్రికి?”

“నంబరు మీద ఇంకో నంబరు తొడిగే పద్ధతి వచ్చింది. ఎన్ని లైన్లయినా పడతాయి. ఆ ఊరిది ఆ ఊరికే ఉండనీ.”

సాయంత్రానికి ఆసుపత్రి లైను పలికింది. ఇంద్రాణి జాబితా తెరిచి, మూడువేల పదిహేడు ఎదురుగా ‘ఖాళీ’ అన్న మాట కొట్టేసి, ‘మనుషులుండారు’ అని రాసింది.