బెయేర్షెబా నీళ్లు

రాయదుర్గం దగ్గర ఒక కాలనీ. మధ్యాహ్నం ప్రార్థన మందిరం అరుగు మీద ఇద్దరే ఉన్నారు: ఈ ఏడే గుంటూరు వైపు నుంచి వచ్చిన పాస్టరు జయరాజు, చేనిలో కొత్తగా బోరు పడిన రెబెకా.

“ఆ పేరు మాత్రం వద్దయ్యగారూ.”

“ఎందుకమ్మా? ‘బెయేర్షెబా నీళ్లు’ అని బోర్డు కూడా రాయించాం. రేపు ఆరాధన అయ్యాక కొళాయి నువ్వే తిప్పాలి. నీ చేను, నీ నీళ్లు. కాలనీ అంతా నీ పేరు చెప్పుకుని తాగుతారు.”

“తాగనీ. నీళ్లు వద్దంటినా నేను? పేరు వద్దంటాండా.”

“బెయేర్షెబా అంటే చెడ్డ మాటేం కాదు రెబెకమ్మా.”

“ఏమర్థం దానికి?”

“బెయేర్ అంటే బావి. షెబా అంటే ఏడు. అబ్రాహాము తవ్వించిన బావిని అక్కడి రాజు మనుషులు లాక్కున్నారు. ఇది నేను తవ్వించిందేనని సాక్ష్యంగా ఆయన ఏడు ఆడ గొర్రెపిల్లల్ని ఇచ్చాడు.”

“గొర్రెపిల్లలు ఏడైతే, బావి ఏడెట్లయితాది?”

“బావులే ఏడుండేవని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఇంకో అర్థం ప్రమాణం. ఆ రాజూ ఆయనా అక్కడే ఒట్టు పెట్టుకున్నారు. వాళ్ల భాషలో ఏడుకీ ఒట్టుకీ మాట ఒక్కచోటే పుట్టిందంటారు.”

“రెండిట్లో ఏది నిజం?”

“రెండూ… గ్రంథంలో రెండూ ఉన్నాయమ్మా. తర్వాత కొడుకు ఇస్సాకు కాలంలో పనివాళ్లొచ్చి నీళ్లు కనబడ్డాయన్నారు. అప్పుడు మళ్లీ అదే పేరు. నిండుదనం అని అర్థం చెప్పేవాళ్లూ లేకపోలేదు.”

“ఒక పేరుకు ఇన్ని అర్థాలా?”

“పాత పేరు కదా. మనకి ఏడు చాలు. నీ చేలో ఆరు బోర్లు ఎండాయి, ఏడోది పడింది. అందుకే నేను…”

“ఎనిమిది.”

“ఏంటమ్మా?”

“ఏడు కాదు, ఎనిమిది. ఒకటి పూడ్చినారు.”

“మంచి పని. ఎండిన బోరు అలా వదిలేస్తే చిన్నపిల్లలు… ఏమ్మా? ఏమైంది?”

“మీకెవురూ చెప్పలేదా?”

“ఏం చెప్పలేదు?”

“మా శశి. నాలుగేండ్లోడు. అందరం శెనక్కాయ పీకుతాంటిమి. ఆ ఎండిన బోరుకు మూత లేదు. గోనెసంచి కప్పి రాయి పెట్టింటిరి, అంతే. తిరిగి చూస్తే సంచి లేదు, వాడూ లేడు.”

“దేవా…”

“అమ్మా అని లోపల్నుంచి పలికినాడు.”

“తీయలేకపోయారా?”

“జేసీబీలు వచ్చె, టీవీలోళ్లు వచ్చిరి. పక్కన గుంత తవ్వితే బండ తగిలె. మన్ను జారుతాదమ్మా, దూరం పో అని, చుట్టూ తాడు కట్టి నన్ను దానికి అవతల కూర్చోబెట్టినారు. కడాకు మా ఆయనే, ఇంక తవ్వద్దండి, ఆడ్నే ఉండనీ అనె.”

“నాకు తెలీదమ్మా. తెలిసుంటే…”

“బైబిల్లో దాసీదొకతి బిడ్డనెత్తుకొని అడివిలో తిరుగుతాది గదా. ఆ అడివి పేరేంది?”

“హాగరు.”

“ఆమె పేరు కాదు. అడివి పేరు.”

“…బెయేర్షెబా.”

“తిత్తిలో నీళ్లయిపోతే బిడ్డనేం చేసింది?”

“ఇప్పుడవన్నీ ఎందుకు రెబెకమ్మా?”

“చెప్పండి.”

“పొద కింద పడుకోబెట్టింది. బిడ్డ చావు చూడలేనని దూరంగా పోయి కూర్చుని ఏడ్చింది.”

“దేవుడు ఆమె ఏడుపు విన్నాడా?”

“పిల్లవాడి మొర విన్నాడు. అలాగే రాసుంది. ఆమె కళ్లు తెరిచాడు, బావి కనబడింది.”

“మావాని మొర నేను విన్నా. నిలిచిపోయేదాకా విన్నా. ఈ కొత్త బోరు పూడ్చినదాని పక్కనే. ఇప్పుడు మోటరు ఆపినాక పైపులో గాలి పోతాదే, ఆ సద్దు అమ్మా అన్నట్లే ఉంటాది.”

“నువ్వు తాగావా, ఆ నీళ్లు?”

“ఇంగా లేదు.”

“ఆ బోర్డు తీయించేస్తాను. ఇప్పుడే పెయింటరుకి ఫోన్ చేసి…”

“ఆగండి. బావి ముందునుంచే ఉండెనా ఆడ? ఆమె ఏడుస్తాన్నప్పుడు గూడా?”

“ఉండే ఉంటుంది. ఆమెకు కనబడలేదంతే.”

“అయితే ఉండనీ ఆ పేరు.”

“నిజంగానా? సరే… కానీ ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. పూడ్చినదానికి అంత పక్కనే మళ్లీ ఎందుకు వేయించావు? టెంకాయ పట్టి నీళ్లు ఎక్కడున్నాయో చూసే వీరప్ప చెప్పాడా?”

“వీరప్ప ఆడ వద్దే వద్దన్నాడు, చుక్క లేదన్నాడు. బోరుబండోళ్లూ వద్దనిరి. నేనే గడ్డపార నాటి చూపించినా, ఈడ్నే దింపండని.”

“నీకెలా తెలిసింది?”

“శశి చెప్పినాడు.”

“అమ్మా, కలల్లో అలాంటివి…”

“కల కాదయ్యగారూ. లోపల్నుంచి వాడు కడాకు పలికిన మాట అదే. బయంతో ఏదో వాగుతాండాడని అందరూ అనిరి. ‘అమ్మా, నీళ్లు పడినాయి. మోకాళ్లదాకా వచ్చినాయి. నాయనకు చెప్పు.’”