ముందట గోడ ఉన్నది

జులై నెల. ఉదయం ఎనిమిది దాటింది. నాగార్జునసాగర్ వెనుక జలాల మీద ఒక మోటారు పడవ దేవరకొండ వైపు ఒడ్డుకు పోతోంది. నడుపుతున్నది డానియల్. ఎక్కినది భాగ్యశ్రీ ఒక్కతే.

"టైమెంతయింది డానియల్ అన్నా?"

"ఇప్పుడే కదా అడిగినవు చెల్లె. ఎనిమిదీ ఇరవై."

"ఇప్పుడంటే ఎప్పుడో అడిగిన. జర గట్టిగ పోనీ."

"గట్టిగనే పోతాంది. గాలి ఎదురుగున్నది. ఇంక గుంజితే మోటరు వేడెక్కి నడిమిట్ల కూసుంటది. అప్పుడు నువ్వొక తెడ్డు, నేనొక తెడ్డు."

"గట్ల అనకు. పొద్దుగాలకెళ్లి నాకు ఏం తోస్తలేదు."

"ఏమన్న తిన్నవా లేదా?"

"తినబుద్ధి కాలే. తొమ్మిది నలభై ఐదుకు పరీక్ష సెంటరు గేటు మూస్తరన్నా. నిమిషం లేటైనా తియ్యరు. పోయినసారి మా వాడకట్టు పిల్ల గేటు కాడ పోలీసాయన కాళ్లు మొక్కింది. ఆయన గూడ కండ్లనీళ్లు పెట్టుకున్నడట గని గేటు తియ్యలే."

"ఫికర్ చెయ్యకు. ఇంకో ఇరవై ఐదు నిమిషాలల్ల ఒడ్డు మీదుంటం. ఆడికెళ్లి దేవరకొండకు బండి మీద నలభై. మీ తమ్ముడు వచ్చిండా?"

"నాగరాజు ఏడింటికే వచ్చి నిలబడ్డడట. రోడ్డు మీద కల్వర్టు కొట్టుకపోకుంటే నేను బస్సులనే పోతుంటి. ఇన్నొద్దులు ఎండలు కొట్టి, మొన్న ఒక్క వానకు గదీ పాయె. నా పరీక్షకే పోవాల్నా అది?"

"కల్వర్టుకు నీ పరీక్ష ఉన్నదని తెల్వదు కదా."

"నవ్వకన్నా. ఆరేండ్లాయె నేను చదువవట్టి. బడి పిల్లలకు బువ్వ వండుకుంట, పొయ్యి కాడ పుస్తకం పెట్టుకొని చదివిన. ఏ పేజీ తీసినా పసుపు మరకలే. మా అత్త అంటది, నువ్వు రాసేది పరీక్షనా, చారా అని."

"ఆమె మాటలు పట్టించుకోకు. హాలు టికెటు తడవకుంట పెట్టుకున్నవా?"

"రెండు కవర్లల్ల పెట్టిన. ఎంతయింది టైము?"

"చెల్లె, గటు చూడు."

"టైము అడిగితే ఎటు చూడమంటవు?"

"ఎడమ దిక్కు. గుట్ట సూటిల. నీళ్ల మీద నల్లగ కనపడ్తలేదా? పుట్టి అది."

"ఉంటే ఉన్నది. చాపలు పట్టేటోళ్లు."

"చాపలు పట్టేటోళ్లు నిలబడి తువ్వాల ఊపరు."

"మనల్ని పలకరిస్తున్నరేమో."

"గంతసేపు పలకరిస్తరా? పుట్టిల నిలబడుడంటే మాటలు కాదు, గుండ్రంగ తిరుగుతది అది. పక్కపొంటి ఒకామె గూడ ఉన్నది. వంగుతాంది, లేస్తాంది."

"వల గుంజుతుండొచ్చు."

"ఒక్కపారి అటు పోయి చూసి..."

"వద్దన్నా."

"రెండు నిమిషాలు."

"రెండు నిమిషాలని మొదలువెట్టిన పని ఏదన్న రెండు నిమిషాలల్ల ఒడిసిందా? పోనీ అన్నా, నీకు దండం పెడ్త."

"నీళ్ల మీద ఒక పద్ధతి ఉంటది చెల్లె. నాకు తెడ్డు చేతికిచ్చిన నాడే మా బాపు చెప్పిండు. రోడ్డు మీద నువ్వు ఆగకుంటే ఎనకాల ఇంకొకడు వస్తడు. నీళ్ల మీద ఎనకాల ఎవడన్న వస్తడో రాడో తెల్వది, అందుకే చూసినోడే ఆగాలె. ఒకనాడు పెండ్లోళ్లను ఎక్కించుకొని పోవట్టిండు. నడిమిట్ల నీళ్లల్ల పడ్డ మేక కనపడ్డది. పడవ ఆపి మేకను తీసిండు. పెండ్లోళ్లు ఒడ్డొచ్చేదాక తిట్టుకుంటనే కూసున్నరు."

"పెండ్లికి గేటుండదన్నా. లేటైతే అయ్యగారు ఇంకో ముహూర్తం చూస్తడు."

"అదీ నిజమే."

"ఎవరికన్న ఫోను చెయ్యి. ఇంకో పడవాయన వచ్చి చూస్తడు."

"ఈ నడిమిట్ల సిగ్నలు ఉండదు."

"అయితే నన్ను దింపి రా. మళ్ల ఇటే వస్తవు కదా."

"దింపి వచ్చేవరకు ముప్పావు గంట. అప్పటిదాక వాండ్లకు ఏమన్నయితే?"

"ఏం గాదు. నిలబడే ఉన్నరు కదా. మునిగేటోళ్లు గట్ల నిలబడ్తరా?"

"నువ్వు ఎన్నడన్న మునిగినోళ్లను చూసినవా?"

"లేదు."

"నేను చూసిన."

"అన్నా, నాకు మాత్రం మంచిగనిపిస్తాందా చెప్పు? మళ్ల నోటిఫికేషన్ ఎప్పుడు పడ్తదో తెల్వది. పడేవరకు నా ఒంట్లె ఇంత ఓపిక ఉంటదో లేదో తెల్వది. ఆరేండ్లు ఎవరు పిలిచినా పోయిన. పిల్లకు జరమంటే పుస్తకం మూసిన, అత్తకు దవాఖాన అంటే మూసిన, కూలికి రమ్మంటే మూసిన. ఈ ఒక్క దినం నన్ను ఎవరూ పిలువొద్దు. ఒక్క దినం."

"సరే."

"కోపం తెచ్చుకున్నవా?"

"లేదు. పోతున్న కదా. ఇటు తిరిగి కూసో. అటు చూడకు."

"నేను చూస్తలేను."

"నేను చూస్తున్న."

"ఓ... పడవాయనా. ఆగూ..."

"పిలుస్తున్నడు చెల్లె."

"ఇననట్టు పోనీ అన్నా."

"ఆగూ... ముందట గోడ ఉన్నదీ..."

"ఏమన్నడు? ఏం ఉన్నదన్నడు?"

"ఆగు, మోటరు తగ్గిస్త. ఓ పెద్దయ్యా, ఏందీ?"

"గోడ. మునిగిన ఊరి గోడ. నీళ్లు తగ్గి పైకొచ్చింది. గిట్లనే పోతే నీ పడవ రెండు చెక్కలైతది."

"గోడనా? అన్నా, ఆపు. మోటరు బందు చెయ్యి."

"నేను రోజు పోయే దారి ఇది. ఎన్నడు తగలలే."

"నీళ్లు తగ్గినయంటున్నడు కదా. నాకు ఈత రాదన్నా, ఆపు."

"ఇప్పుడు ఆగొచ్చా మరి?"

"గా మాటలు ఇప్పుడెందుకు. ఆయన కాడికి పోనీ, గోడ ఎటున్నదో అడుగుదం."

"గట్టిగ పట్టుకొని కూసో, మలుపుతున్న. పెద్దయ్యా, వస్తున్న. కదలకు."

"మెల్లగ రా నాయినా. పుట్టికి తగలనియ్యకు, ఈపాటికే పానం మీదున్నది."

"పుట్టిల గన్ని నీళ్లేంది?"

"చీకట్ల కొయ్య తగిలి అడుగు పగిలింది. తెడ్డు గూడ కొట్టుకపాయె. గీమె నా ఇంటామె, అండాలు. ముందుగాల ఆమెను ఎక్కించుకో."

"అవ్వా, నువ్వు డబ్బతోని నీళ్లు ఎత్తిపోస్తున్నవా? నేను వల గుంజుతున్నవనుకున్న."

"వల ఏడుంది బిడ్డా. బరువైతాందని ఈయననే కోసి ఇడిచిండు. తెల్లారకముందుకెళ్లి ఎత్తిపోస్తున్న. రెక్కలు లేస్తలేవు."

"చెయ్యియ్యి అవ్వా. చెల్లె, నువ్వు అవతలి దిక్కు కూసో, లేకుంటే పడవ ఒరుగుతది. ఆఁ, వచ్చింది. పెద్దయ్యా, ఇగ నువ్వు."

"అన్నా, అవ్వ వణుకుతాంది చూడు. అవ్వా, ఇగో నా చున్నీ కప్పుకో."

"వద్దు బిడ్డా, చాపల వాసన పడ్తది. మంచి బట్టలేసుకొని ఏడికో పోతున్నట్టున్నవు."

"వాసన పడితే పడనీ. కప్పుకో. నీకు ఈత రాదా?"

"నాకు రాదు. ఆయనకొస్తది. నన్నిడిచి ఈదుకుంట పో, ఎవరినన్న తోలుకరా అన్న. పోలే. నువ్వు ఒక్కదానివి ఎత్తిపోస్తే మునుగుతది అన్నడు. మొండి మనిషి."

"ఎక్కిన నాయినా. ఇగ నడువు."

"పుట్టికి తాడు కడ్త, ఎనక గుంజుకపోదం."

"వద్దు. నీళ్లు నిండినదాన్ని గుంజితే నీ పడవ నడువది. దాని కిస్మతుల ఉంటే ఏదో ఒడ్డుకు తగుల్తది."

"అది పోతే మీకు బతుకుదెరువు?"

"గది తర్వాత. పిల్ల మాటిమాటికి నీ గడియారం దిక్కు చూస్తాంది. ఏడికి బిడ్డా?"

"పరీక్షకు తాతా. దేవరకొండల. సర్కారు నౌకరి పరీక్ష. గోడ ఎటున్నది?"

"ఆఁ?"

"గోడ. ఎటు ఉన్నది?"

"గోడ... గా ముందట."

"ముందటంటే ఎంత దూరంల?"

"గా దిక్కే. అడ్డంగ ఉన్నది."

"మొత్తం అడ్డంగనా? మరి ఎట్ల పోవాలె అన్నా?"

"చుట్టు తిరిగి పోవాలె చెల్లె. గుట్ట ఎనకనుంచి. ఆడ లోతుంటది."

"ఎంతసేపు?"

"అరగంట ఎక్కువైతది."

"అరగంట. ఇప్పుడెంతయింది?"

"ఎనిమిదీ నలభై."

"సూటిగ పోతే?"

"సూటిగ పోతే ఐదు తక్కువ తొమ్మిదికి ఒడ్డు మీదుంటవు. చుట్టు తిరిగితే, ఇంత బరువుతోని, తొమ్మిదిన్నర."

"ఆడికెళ్లి నలభై."

"ఆఁ."

"అంటే గేటు పడ్డట్టే."

"మీ తమ్ముడు గట్టిగ నడిపితే..."

"ఎంత గట్టిగ నడిపినా నలభై నిమిషాల తోవ పావుగంటల పోతదా అన్నా. తాతా, గోడకు నడుమ సందు గిట్ల లేదా? మనది చిన్న పడవనే కదా."

"నీళ్లల్ల సంగతి ఏం చెప్పొస్తది బిడ్డా."

"ఒక్క పడవ పట్టే సందు. బాగ యాది చేసి చెప్పు తాతా."

"ఓ అయ్యా."

"నువ్వూకో అండాలూ."

"ఎందుకూకుంట? చెప్పు."

"ఊకోమన్న కదా."

"పిల్ల ఏడుస్తాంది. చూస్తలేవా?"

"ఏడుస్తలేనవ్వా. గాలికి కండ్లల్ల నీళ్లొస్తున్నయి. తాతను ఏమనకు. ఆయన పిలువకుంటే ఈపాటికి మేం గోడకు తగిలి నీళ్లల్ల ఉంటుంటిమి. అన్నా, చుట్టు తిప్పు."

"నిజంగనేనా చెల్లె?"

"నలుగురి పానాల మీదికి తెచ్చి రాసే పరీక్ష నాకెందుకు? తిప్పు. జర మెల్లగ తిప్పు, అవ్వకు నీళ్లు కొడ్తున్నయి."

"తిప్పుతున్న."

"తిప్పకు నాయినా."

"ఏంది పెద్దయ్యా?"

"తిప్పకు. సూటిగనే పోనీ."

"గోడ ఉన్నదంటివి కదా?"

"గోడ లేదు."

"లేదంటే?"

"లేదు. నేను అబద్ధమాడిన."

"పెద్దయ్యా, ఏం మాటలివి? నీళ్ల మీద గిసొంటి అబద్ధమాడుతరా ఎవరన్న?"

"నలభై ఏండ్లల్ల ఎన్నడు ఆడలే. ఇయ్యాల్నే."

"ఆయనను ఒక్కన్ని అనకు నాయినా. నేను గూడ నోరు మూసుకొని ఊకున్న. పొద్దుగాలకెళ్లి మీకన్న ముందు మూడు పడవలు పోయినయి. మునుగుతున్నమయ్యా, ఆగుండ్రయ్యా అని గొంతు పోయేటట్టు ఒర్లినం. ఒకటి ఇననట్టే పాయె. ఒకదాంట్ల పిల్లగాండ్లుండిరి. మేం తువ్వాల ఊపితే వాండ్లు చేతులూపిన్రు. ఒకడు ఫోటో గూడ తీసిండు. ఇంకొకటి మమ్మల్ని చూసి దూరంకెళ్లే మలుపుకున్నది."

"మీది గూడ మలుపుకుంటదేమో అనుకున్న నాయినా. గీమె డబ్బ పట్టుకుంటాంది, ఎత్తలేకపోతాంది. మాకు ఆపదంటే ఎవరు ఆగుతలేరు. వాండ్లకే ఆపదంటే ఆగుతరని గోడ మాట నోటికొచ్చింది. నీ గేటు సంగతి నాకేం తెలుసు బిడ్డా. తెల్వక చేసిన."

"డానియల్ అన్నా."

"ఆఁ, పోనిస్తున్న. సూటిగనే పోనిస్తున్న. అందుకుంటం చెల్లె. నువ్వు గట్టిగ పట్టుకో. అవ్వా, నువ్వు నడిమిట్ల కూసో."

"కోపం చెయ్యకు బిడ్డా."

"నాకేం కోపం లేదు తాతా."

"నీ మనసు మంచిది. ఎక్కంగనే గామెకు చున్నీ కప్పినవు, పరీక్ష పోతదని తెల్సినంక గూడ నన్ను ఒక్కమాట అనలే. నీకు నిజమే చెప్తే సరిపోతుండె. మునుగుతున్నం అంటే చాలు, నువ్వు ఆగుతుంటివి. నేనే ఆగమై అబద్ధమాడిన."

"లేదు తాతా, ఆగకపోతుంటిమి. అన్న ఆపుతనంటే వద్దన్నది నేనే."