కంప్యూటర్లో ఇల్లు

శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సు కోసం కూర్చున్నాను. పక్క బల్ల మీద ఖాళీ చేపల తట్టతో ఒకావిడ, ఇళ్ల ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన ఆమె మొగుడు.

“ఏటన్నారు మావా? కొత్త ఫ్లాటుకి సగం సొమ్ము గవర్నమెంటు ఇస్తాదా?”

“ఇస్తాదట. సొంతిల్లు లేనోళ్లకే.”

“మనకి లేదు కదా!”

“ఉన్నాదట. కళింగపట్నంలో.”

“అది సముద్రంలో కలిసిపోనాది కదా!”

“కంప్యూటర్లో ఇంకా కలవలేదటే.”

“తీసెయ్యమనలేకపోనావా?”

“అన్నాను. తియ్యాలంటే ఆ ఇంటి పట్టా తెమ్మన్నారు.”

“పట్టా ఇంట్లోనే ఉండిపోనాది కదా!”

“అదే సెప్పినాను. ఎల్లి తెచ్చుకోమన్నారు.”

“రేపటికి గది ఖాళీ సెయ్యమన్న ఇల్లుగలావిడకి ఏటి సెప్పను మావా?”

ఆయన ఖాళీ తట్ట అందుకున్నాడు.

“మనకి సొంతిల్లున్నాదని సెప్పు.”