పోసిన ఆముదం

ఏంటే అది, ఒంట్లో చెత్తంతా కడిగేసే పొడా? డబ్బా భలే ఉందే. మా అత్తగారు చూస్తే నవ్విపోయేది. అదే, మీ తాతయ్య వాళ్ళమ్మ. ఫోటోలో మూతి బిగించుకుని కూర్చుంటుందే, ఆవిడ. ఆవిడ లెక్కలో లోకంలో ఏ రోగమైనా పొట్టలోనే పుడుతుంది. తలనొప్పా, పొట్ట. మోకాళ్ళా, పొట్ట. మా మరిది పరీక్ష తప్పితే కూడా పొట్ట కడగాల్సిందే అంది, నవ్వకు, నిజంగానే అంది. ఎండలు ముదరకముందే ఒక ఆదివారం ఇంటిల్లిపాదికీ ఆముదం. ముందు తను తాగేసి, వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది. ఒక్కొక్కరూ వెళ్ళి నాలుక చాపాలి. కనురెప్ప కిందికి లాగి చూసి, ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళకి వేడి పాలల్లో కలిపి పోసేది. మామగారంటే ఆఫీసంతా హడల్, ఆయనా బనీనుతో వరసలో నిలబడాల్సిందే. పోసిన మందు వెనక్కి పోకూడదు, అదీ ఆవిడ శాసనం. ఎవరు బతిమాలినా వినేది కాదు.

ఒక ఏడు, ఆ ఆదివారం నాటికి నాకు నెల తప్పింది. అంతకుముందు రెండు కడుపులు నిలవలేదు. రెండుసార్లూ ముందే అందరికీ చెప్పుకుని సంబరపడ్డాం, అందుకని ఈసారి భయపడి మీ తాతయ్యకి కూడా చెప్పలేదు. కడుపుతో ఉండగా ఆముదం తాగకూడదని తెలుసు. వద్దంటే ఎందుకని అడుగుతారు, అందరూ అక్కడే ఉన్నారాయె. ఏం చెయ్యను? ఆ రోజు హడావుడిలో ఆవిడ ముందు గ్లాసు నా చేతిలో పెట్టేసి, తర్వాత రెప్ప లాగింది. లాగి, అలాగే చూస్తూ ఉండిపోయింది. నా చేతిలోంచి గ్లాసు లాక్కుంది. మా మరిది ఊరుకుంటాడా, పోసింది వెనక్కి పోకూడదుగా అమ్మా అన్నాడు. "ఎవరు పంపిస్తున్నార్రా వెనక్కి?" అని గటగటా తనే తాగేసింది.

ఇంకేముంది, పొద్దుగూకేదాకా పెరట్లోకి పరుగులే. మామగారు ఒకటే చీవాట్లు, ఈ వయసులో రెండో గ్లాసు ఎవడు తాగమన్నాడని. ఆవిడ మాత్రం ఎందుకు తాగిందో చెప్తే ఒట్టు. సాయంత్రానికి తడిబట్టలా మంచానికి అతుక్కుపోయింది. మజ్జిగ తీసుకెళ్తే తలుపు దగ్గరికి వెయ్యమంది. "నాతో చెప్పకపోతే ఇంకెవరితో చెప్తావే? ఆ రెండూ పోయినప్పుడు నేను ఏడవలేదనుకున్నావా?"

నిజం చెప్పొద్దూ, అలాగే అనుకున్నానే.

అదుగో దగ్గు, అప్పుడు కడుపులో ఉన్నవాడు నిద్ర లేచినట్టున్నాడు. ఉండు, మీ నాన్నకి టీ పెట్టొస్తాను.