సిలిండరుకి నూనె రాసిన అంకాచారి

అంకాచారని మా కమ్మరోళ్ళలో ఒకాయన ఉండేవాడు. ఊళ్ళో మొట్టమొదట ఇనుం కోసే గ్యాస్ కటింగు తెచ్చింది ఆయనే అనుకో. ఇక చూస్కో, కాళ్ళు నేలమీద ఆగితే ఒట్టు. సిలిండర్లు ఇచ్చిన కొట్టాయన, "అయ్యా, ఈ ఆక్సిజన్ సిలిండరు మూతి దగ్గరికి మాత్రం నూనె చెయ్యి రానీమాక, భగ్గుమని పేలుద్ది" అని చిలక్కి చెప్పినట్టు చెప్పాడంట. ఈయన వింటేగా! ఇనుం సంగతి మాకు చెప్పేవోడా వీడు, అనుకున్నాడంట. అదీ మా తెలివి. ఈలోపు దసరా వచ్చింది. ఆ రోజు మా ఇళ్ళల్లో పనిముట్లకి నూనె రాసి, కుంకం పెట్టి, దణ్ణం పెట్టుకోడం ఉందిగా. తాత సుత్తికి రాశాడు, తండ్రి ఇనుం పెట్టి కొట్టే దాగలికి రాశాడు, ఈయన సిలిండరుకి రాశాడు. ఊరికే కాదు, మూతి మీద తిప్పే మర దగ్గర వేలు పెట్టి మరీ రాశాడు!

ఏమైందంటే, పూజ ఇట్టా అయిందో లేదో నాంచారమ్మ ఏడ్చుకుంటా వచ్చింది. మొగుడు లేని మనిషి, గేదె పాలమీదే బతుకు. "అంకాచారన్నా, నా గేదె ఇనప గేటు ఊచల్లో తల దూర్చిందయ్యా, కొమ్ములు అడ్డంపడి రావట్లా. సూడి గేదె, నాలిక బయటేసింది. అది పోతే నేనేం తిని బతకాల" అంటంది. "ఏడవమాక చెల్లమ్మా, చిటికెలో పని" అని సిలిండర్లు రిక్షాలో వేసుకుని బయల్దేరాడు. వీధి వీధంతా చేరిందనుకో. గేదె మెడమీద తడి గోనెపట్టా కప్పించాడు, నల్లద్దాలు పెట్టుకున్నాడు, పెళ్ళికొడుకులాగా నిలబడి మర మీద చెయ్యేశాడు. చెయ్యి జారింది. చూసుకుంటే వేళ్ళనిండా జిడ్డు. అప్పుడు గుర్తొచ్చిందంట కొట్టాయన మాట! తిప్పితే వీధి లేచిపోద్ది, తిప్పకపోతే పరువు పోద్ది. జనం చూస్తన్నారు, గేదె గురక పెడతంది. ఆఖరికి నల్లద్దాలు తీసేశాడు. "చెల్లమ్మా, నేనొట్టి ఎదవనే. పేలేదానికి నూనె రాసుకొచ్చా. అందరూ దూరం పొండి, ఎవరైనా యాక్సా బ్లేడు పట్రండి" అన్నాడు.

రెండు ఊచలు చేత్తో కోసేసరికి గంటన్నర పట్టింది. అరచేతులు బొబ్బలెక్కినయ్. గేదె బయటపడి, ఆయన్ని ఒక్క తోపు తోసి గడ్డివామి దగ్గరికి పోయింది. నాంచారమ్మ దాన్ని కావలించుకుని ఏడ్చింది. మిగతా జనం మాత్రం ఏడాది పొడుగునా "నూనె చారి" అని ఆయన్ని కాల్చుకు తిన్నారు. నవ్వండి, నవ్వండి, మా కులానికి ఇంత పేరు తెచ్చినోడు ఇంకోడు లేడు. కానీ ఆయన పరువుకి పోయి ఆ మర తిప్పుంటే, ఈ కత చెప్పడానికి నేనుండేవోణ్ణి కాదు. ఎందుకంటారా? ఆ సిలిండరుకి జానెడు దూరంలో నిలబడి, "తిప్పు బావా, భయమా ఏంది" అని ఎగేసింది నేనే.