నైస్ కార్డు

నిఘంటువు ఆఫీసులో ఇంగ్లీషు మాటకో కార్డు రాసేది భర్త, దాన్ని సరిచూసేది భార్య. అర్థాలు పుస్తకాల్లోంచి తీసినా, ఉదాహరణలు మాత్రం ఆయన సొంతంగా కల్పిస్తాడు. ఆ పూట ‘నైస్’ కార్డు చేతికి రాగానే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఏమండీ, ఏడొందల ఏళ్ళ కిందట ఈ మాటకి అర్థం ఏంటి?”

“తెలివితక్కువ.”

“ఆ తర్వాత?”

“ప్రతిదానికీ వంకలు పెట్టే రకం. ఇప్పుడేమో చక్కనిది అని. మాట ఎక్కణ్ణుంచి ఎక్కడికొచ్చిందో చూశావా!”

“చూశాను. చక్కనిదానికి ఉదాహరణ చదవండి.”

“‘ప్రూఫులు చూసే కొత్తమ్మాయి నవ్వు చక్కగా ఉంటుంది.’ ఏం, తప్పుందా?”

“తప్పెందుకుంటుంది? అచ్చేసి ఊరంతా పంచుదాం. వంకలకి ఏం రాశారు?”

“అదీ... ‘నా భార్య ఏ గుడ్డ చూపించినా వంక పెడుతుంది.’”

“ఓహో, వంకలకి నేను, నవ్వుకి ఆవిడా?”

“ఉదాహరణేనే బాబూ! నోటికొచ్చింది రాశాను.”

“నోటికి ఆవిడే ఎందుకొచ్చిందంట? సరే, తెలివితక్కువకి ఉదాహరణ ఖాళీగా ఉందేం?”

“తట్టలేదు. పైగా ఆ అర్థం ఇప్పుడు వాడుకలో లేదు.”

ఆమె పెన్ను మూత తీసి, కార్డు మీద ‘వాడుకలో లేదు’ అని రాసి ఉన్నది అడ్డంగా కొట్టేసి, ఖాళీలో ఏదో రాసింది.

“ఏం రాశావ్?”

“‘ఆ తెలివితక్కువ మనిషి ఈ కార్డు తెచ్చి పెళ్ళాం చేతికే ఇచ్చాడు.’”