నిశ్శబ్దం మాస్టారి గోల క్లాసు

నువ్వూ ఫారిన్ వెళ్తున్నావటగా, పాఠాలు చెప్పడానికి? కూర్చో, కూర్చో. మా పెద్దన్నయ్య సంగతి చెప్తా. లెక్కల్లో ఆయన్ని మించిన మాస్టారు ఈ భూమండలంలో పుట్టలేదు. భూమండలమంటే, మా వీధి అనుకో. మా వీధిలో ఇంకో మాస్టారు లేడప్పుడు, నేనింకా నిక్కర్లలో ఉన్నా. ఆయన పోయేనాటికి నువ్వు పుట్టనే లేదులే. నిశ్శబ్దం మాస్టారనేవాళ్ళు. ఆయన గుమ్మంలో కాలు పెడితే ఈగ కూడా రెక్కలు ముడుచుకునేది. బెత్తం ముట్టేవాడు కాదు, చూపు చాలు. ఆ చూపు వదిన మీద మాత్రం పనిచేసేది కాదు, అది వేరే కథ. అలాంటివాడు ఇక్కడి ఉద్యోగం మానేసి విమానమెక్కాడా, అక్కడి పిల్లలు పేరు పెట్టి పిలిచారట! ఒక్కడూ లేచి నిలబడలేదు. ఒకడైతే బల్ల మీద కాళ్ళు బార్లా చాపి, కొత్తల్లుడిలా, "ఏంటి, బాగున్నారా?" అన్నాడట. ఊరుకుంటాడా? చూశాడు. చూపు ఏ దేశంలోనైనా చూపేగా! నెల తిరిగేసరికి క్లాసు కిక్కురుమనలేదు. ఇంతలో హెడ్మాస్టరమ్మ పిలిపించింది. శాలువా కప్పుతుందనుకుని వెళ్ళాడు పాపం. ఆవిడేమో, "పిల్లలకేమైంది? మీ గదిలోంచి చప్పుడే రాదు. భయపెడుతున్నారా? వచ్చే వారం నేనొచ్చి వెనక కూర్చుంటా. అప్పుడూ ఇంతే అయితే వచ్చే ఏడాదికి మిమ్మల్ని ఉంచుకోను" అంది. వదిన వినగానే, "ఇక్కడ మానేసి, అక్కడ మాన్పించుకుని, ఇక మా పుట్టింటి అరుగే గతి మనకి" అందట. ఆ అరుగంటేనే అన్నయ్యకి హడలు. మావగారు నోరు విప్పాడంటే... సర్లే, పోయినవాళ్ళ గురించి ఎందుకు.

ఏం చేశాడా? మర్నాడు క్లాసుకెళ్ళి, "ఇవాళ్టినుంచి అందరూ గోల చెయ్యాలి. నోరు మూసుకున్నవాడికి శిక్ష!" అన్నాడు. గోలకీ క్రమశిక్షణే! మొదటి వరస ప్రశ్నలడగాలి, రెండో వరస కాదని వాదించాలి, మూడో వరస నవ్వాలి. వారమంతా తోమి తోమి నేర్పాడు. ఇదంతా వదినే చెప్పింది, ఆయన నోటివెంట ఛస్తే రాదు. సరే, హెడ్మాస్టరమ్మ వచ్చి కూర్చుంది. ఒక వరస అడిగింది, ఒకటి వాదించింది, ఒకటి నవ్వింది. ఆవిడ మొహం విప్పారింది. అంతలో, ఆ పూటే కొత్తగా చేరిన పిల్ల ఒకతె చెయ్యెత్తి, "మైనస్‌ని మైనస్‌తో హెచ్చవేస్తే ప్లస్ ఎందుకవుతుంది?" అంది. అది ఈయన నేర్పిన గోల కాదు! ఇక్కడైతే "అదంతే, కూర్చో" అనేవాడు. చూశాడు. ఆ పిల్లా చూసింది, కళ్ళు దించితేనా! అరుగు కళ్ళ ముందు కనపడి, "నాకు తెలీదమ్మా" అనేశాడు. హెడ్మాస్టరమ్మ లేచి చప్పట్లు కొట్టింది! "తెలీదని పిల్లల ముందు ఒప్పుకున్న మాస్టార్ని ఇన్నాళ్ళకి చూశాను" అంది. వచ్చే ఏడాదికే కాదు, రిటైరయ్యేదాకా ఉంచేసుకుంది. వదిన మాత్రం, "ఇన్నేళ్ళ కాపురంలో నాతో ఒక్కసారి అన్నాడా తెలీదని!" అనేది.

నవ్వకు. ఏంటీ? నేనా? అవును, నేనూ లెక్కల మాస్టారుగానే రిటైరయ్యాను. అయితే? ఎందుకవుతుందంటావా? అబ్బే, అదీ... మైనస్ ఉందనుకో, దాన్ని... తలుపు దగ్గరకి వెయ్యి, మీ మామ్మ వింటుంది. నాక్కూడా తెలీదురా. ఒక్క వెధవా అడగలేదు మరి.